దేహమందలి నీరు, అది తఱిగినప్పుడు చేయదగిన చికిత్స

నీరు లేక వాడిన మొక్క చెంబెడు నీరు పోసినంతనే తేఱుకొనుట మనమందఱము చూచినదే. మానవదేహమును నీరు తఱిగినప్పుడు వాడును. అయితే, దానికి వట్టి నీరు మాత్రమే యన్నివేళల చాలదు. ఏల చాలదో, మఱేమి చేయవలయునో యీ పాఠమున తెలిసికొందము.

పెద్దవారి దేహపు బరువులో నూటికి సుమారు 60 పాళ్లు నీరే. అప్పుడే పుట్టిన శిశువునందు సుమారు 75 పాళ్లుండును. ఈ నీరు రక్తమునందును, కణములలోపలను, కణముల నడుమను వ్యాపించియున్నది. ఇందు సోడియము, పొటాషియము మొదలగు లవణములు కరగియున్నవి. ఆహారసారమును మోసికొనిపోవుట, మలినములను మూత్రరూపమున వెడలించుట, చెమటచే దేహమును చల్లపఱచుట యను పనులన్నియు నీటివలననే జరుగుచున్నవి. మూత్రము, చెమట, ఊపిరులవలన పోయిన నీటిని మనము అన్నపానములచే ప్రతిదినము మరల పొందుచున్నాము. రాబడికంటె వ్యయము మించినపుడు కలుగు స్థితికే నిర్జలీకరణమని పేరు.

మండుటెండ, జ్వరము, వాంతులు, విరేచనములు దీనికి ముఖ్యకారణములు. వీనిలో విరేచనములు మిక్కిలి ప్రమాదకరములు. తీవ్రమైన కలరాలో పెద్దవాడు గంటకొక లీటరు నీటినైనను పోగొట్టుకొనవచ్చును. రక్తమందలి నీరు తఱుగగా నాడి క్షీణించును, మూత్రపిండముల పని ఆగును, తుదకు ప్రాణము పోవును. రోగికి ప్రాణాంతకమగునది క్రిమికంటెను నీటినష్టమే యని చెప్పవచ్చును.

దీని గుఱుతులు తెలిసికొనుట కష్టము కాదు. మొదట దాహము, నాలుక యెండుట, మూత్రము తగ్గి ముదురుపసుపు రంగు పొందుట. పిమ్మట కన్నులు గుంటలుపడుట, ఏడ్చు శిశువునకు కన్నీరు రాకుండుట కనబడును. పొట్టమీది చర్మమును చిటికెతో పట్టి విడిచినచో వెంటనే సర్దుకొనక మెల్లగా సర్దుకొనును. రోగి మగతగా నుండి త్రాగలేకపోయినచో అపాయము దాపురించినదని యెఱుంగవలెను.

ఈ చికిత్సకు చరిత్ర కలదు. 1831–32 సంవత్సరములలో ఇంగ్లాండున కలరా చెలరేగినపుడు ఓషాగ్నెసీ యను యువవైద్యుడు రోగుల రక్తమును పరీక్షించి, అందు నీరును లవణములును తఱిగియున్నవని కనిపెట్టెను. 1832లో స్కాట్లాండునందలి లీత్ పట్టణమున థామస్ లాటా యను వైద్యుడు ఉప్పునీటిని రోగుల సిరలలోని కెక్కించెను. నేడు ఆసుపత్రులలో ఎక్కించు సెలైనునకు ఇదియే మొదలు.

అయినను సెలైను అన్నిచోట్ల దొరకదు. నోటిద్వారా నీటినిచ్చు మార్గము లేదా? ఇచటనే మన చిన్నప్రేవుల చమత్కారము తెలియవలెను. వాని గోడలలో గ్లూకోజును సోడియమును జతగా లోనికి గొనిపోవు ద్వారములు కలవు. ఆ రెండును లోనికి పోవగా నీరు వానిని వెంబడించును. కలరాలో సైతము ఈ ద్వారములు చెడవు. కనుకనే ఉప్పును చక్కెరయు తగుపాళ్లలో కలిపిన నీరు, వట్టి నీటికంటె బాగుగా దేహమున కెక్కును. చక్కెర మితిమీరినచో మాత్రము అది నీటిని ప్రేవులలోనికి లాగి విరేచనములను హెచ్చించును. అందుచేత తీపి సోడాలు దీనికి పనికిరావు.

1971లో బంగ్లాదేశ యుద్ధకాలమున పశ్చిమ బెంగాలునందలి బనగావ్ శరణార్థి శిబిరమున కలరా ప్రబలెను. సెలైను సీసాలు చాలకపోగా డాక్టరు దిలీప్ మహలనోబిస్ గ్లూకోజు, ఉప్పు, సోడాయుప్పు కలిపిన నీటిని డ్రమ్ములలో నింపించెను. రోగుల బంధువులే దానిని గిన్నెలతో త్రాగించిరి. నూటికి సుమారు 30 వంతుల మరణములు 4 వంతులకంటె తక్కువయ్యెను. ఆయనకు 2023లో, మరణానంతరము, పద్మవిభూషణ్ ప్రకటింపబడెను.

ఇక మన యిండ్లలో చేయదగినది చెప్పెదము. ఓఆర్ఎస్ పొట్లముపై వ్రాసినంత కాచి చల్లార్చిన నీటిలో పొట్లమంతయు ఒకేసారి కలుపవలెను. నీరు తగ్గింపరాదు. 24 గంటలు గడచినచో మిగిలినది పాఱబోయవలెను. పొట్లము దొరకనిచో ఒక లీటరు నీటిలో ఆఱు చిన్నచెంచాల చక్కెరను, అరచెంచా ఉప్పును, తలకొట్టి కొలిచి కలుపవలెను. ఉప్పు వేసిన గంజియు మజ్జిగయు మంచివే. రెండేండ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనము పిమ్మట 50 మొదలు 100 మిల్లీలీటర్లు చెంచాతో కొంచెము కొంచెముగా పట్టవలెను. వాంతియైనచో పది నిమిషములు తాళి మరల ఆరంభింపవలెను. చనుబాలు మానరాదు. వైద్యుని సలహాతో జింకు మందు 10 మొదలు 14 దినములు ఈయవలెను. మగత, నెత్తుటి విరేచనము, త్రాగలేకపోవుట కనబడినచో తక్షణమే ఆసుపత్రికి గొనిపోవలెను.

విరేచనములైన బిడ్డకు నీరు పోసినచో అవి హెచ్చునని కొందఱు పెద్దలు నీటిని మాన్పింతురు. వారి ప్రేమ గొప్పదే కాని, ఆ పని బిడ్డకు ప్రాణాపాయకరము. ఈ ద్రావణము విరేచనములను వెంటనే ఆపదు. పోయిన నీటిని మరల చేర్చును. కనుక విరేచనములు నిలువలేదని దీనిని విడువరాదు. విద్యార్థులారా, ఈ కొలతను కంఠస్థము చేసి నేడే మీ యింట చెప్పుడు. గిన్నె, చెంచా, ఓర్పు గల ప్రతి యింటివారును ఈ చికిత్సను చేయగలరు.