వంకరపోయిన చక్రం

ఉద్దేశం: ఒక వస్తువు చెడిపోయినప్పుడు దానిని బాగుచేయించాలా, విసర్జించాలా అన్న నిర్ణయాన్ని పరిశీలనతో, హేతుబద్ధంగా చేసే పద్ధతిని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగం ఉద్దేశం.

గ్రామం నుంచి కళాశాలకు నిత్యం సైకిల్ మీద వచ్చే విద్యార్థికి ఆ సైకిలే రథం. దారిలోని గుంతలో పడో, ఎదురుగా వచ్చిన బండికి తగిలో దాని చక్రం వంకరపోతే చదువుకు అంతరాయం, ఇంటికి ఖర్చు ఒక్కసారే వచ్చిపడతాయి. ఆ చక్రం బాగుపడుతుందా, లేక కొత్తది కొనవలసిందేనా? తొందరపడి పారవేస్తే ధనవ్యయం. మొండిగా దానినే వాడితే ప్రాణాపాయం. ఈ రెండింటి నడుమ సరైన నిర్ణయం చేయాలంటే ముందు చక్రం స్వభావం తెలియాలి.

చక్రం అవయవాలకు ప్రాచీనకాలం నుంచీ పేర్లున్నాయి. నడుమ ఉన్న భాగం నాభి. అంచున ఉన్న వలయం నేమి. ఆ రెండింటినీ కలిపేవి అరాలు. బండిచక్రం అరాలను తెలుగువారు ఆకులు అన్నారు. నేటి సైకిల్ దుకాణంలో నాభి హబ్బు అయింది, నేమి రిమ్ము అయింది, అరాలు పుల్లలు అయ్యాయి. పేర్లు మారినా అవయవాలు అవే. వాటి పనితీరులో మాత్రం మౌలికమైన భేదం ఉంది.

ఎడ్లబండి చక్రంలో కొయ్య ఆకులు స్తంభాల వంటివి. ఇరుసు మీద పడిన బరువును కింది ఆకులు మోస్తాయి. సైకిల్ పుల్ల అట్లా మోయలేదు. సుమారు 2 మిల్లీమీటర్ల మందం గల ఆ ఉక్కు తీగను నిలువునా నొక్కితే వంగిపోతుంది. లాగితే మాత్రం ఎంతో బలాన్ని తట్టుకొంటుంది. అందుచేత పుల్లలన్నింటినీ ముందే బిగించి, రిమ్మును అన్ని దిక్కుల నుంచీ హబ్బు వైపు లాగి ఉంచుతారు. బరువు పడినప్పుడు కింది పుల్లల బిగువు కొంత తగ్గుతుంది, అంతే. ఇటువంటి తీగపుల్లల చక్రానికి 1869లో పారిస్ నగరంలో యూజీన్ మేయర్ పేటెంటు పొందాడు. పుల్లలను ఏటవాలుగా, ఒకదానినొకటి దాటేటట్లు అమర్చే పద్ధతికి 1874లో ఇంగ్లండుకు చెందిన జేమ్స్ స్టార్లీ పేటెంటు తీసుకొన్నాడు.

పుల్లలలో సగం హబ్బు కుడి అంచు నుంచి, సగం ఎడమ అంచు నుంచి బయలుదేరి రిమ్మును చేరుతాయి. కుడివి కుడికి, ఎడమవి ఎడమకు లాగుతాయి. ఈ రెండు లాగుళ్ళ సమతౌల్యం వల్లనే రిమ్ము తిన్నగా నిలుస్తుంది. కాబట్టి వంకరకు ప్రధాన కారణాలు రెండు. బిగువుల సమతౌల్యం తప్పడం ఒకటి, రిమ్ము లోహమే వంగిపోవడం రెండవది. ఏది కారణమో తేల్చుకోవడమే అసలు సమస్య.

ఆయుర్వేదం వ్యాధులను సుఖసాధ్యం, కృచ్ఛ్రసాధ్యం, అసాధ్యం అని వింగడించి, చికిత్సకు ముందు పరీక్ష చేయమంటుంది. ఈ విభాగం మన చక్రానికీ చక్కగా వర్తిస్తుంది.

మొదట సైకిల్‌ను తలకిందులుగా నిలిపి చక్రాన్ని తిప్పాలి. ఇరుసు నట్లు సడలినా, హబ్బు వదులైనా మంచి చక్రం కూడా ఊగుతుంది. ఆ దోషం లేదని రూఢి చేసుకొన్న తరువాత, ఫోర్కుకు చేయి ఆనించి సుద్దముక్కను రిమ్ము పక్కన కదలకుండా పట్టుకోవాలి. గుర్తు పడిన చోటనే వంకర ఉంది. అనంతరం వీణ తీగలను మీటినట్లు ఒక్కొక్క పుల్లనూ మీటి చూడాలి. బిగువైనది ఖంగుమంటుంది, వదులైనది మూగగా ఉంటుంది. వెనుక చక్రంలో గొలుసు వైపు పుల్లలు సహజంగానే ఎక్కువ బిగువుగా ఉంటాయి కనుక ఒకే వైపు పుల్లలను ఒకదానితో ఒకటి పోల్చాలి.

రిమ్ము ఎడమకు వంగిందనుకొందాం. అక్కడి కుడి పుల్లలు సడలిగాని విరిగిగాని ఉంటే కారణం స్పష్టం. కుడి లాగుడు తగ్గినందువల్ల ఎడమ లాగుడు గెలిచింది. ఇది సుఖసాధ్యం. విరిగిన పుల్లను మార్చి, నిపుల్‌ను కొద్దికొద్దిగా, పావుచుట్టు చొప్పున తిప్పుతూ బెండు తీస్తే చక్రం మళ్ళీ తిన్నబడుతుంది. అట్లా కాక, కుడి పుల్లలు గట్టిగా బిగిసి, ఎడమ పుల్లలు సడలి ఉండి కూడా రిమ్ము ఎడమకే పోయిందంటే, వంగింది లోహమే అని గ్రహించాలి.

చక్రం మొత్తం గుర్రపు జీను ఆకారంలో మెలిపడినప్పుడు మరొక పరీక్ష అవసరం. టైరు, ట్యూబు తీసి, పుల్లలన్నింటినీ సమంగా వదులుచేసి, రిమ్మును చదునైన నేల మీద ఉంచాలి. అది నేలకు ఆని సమంగా నిలిస్తే లోహం చెడలేదు. భౌతికశాస్త్రంలో మీరు చదివే స్థితిస్థాపక అవధిని అది దాటలేదన్నమాట. పుల్లలను మళ్ళీ క్రమంగా బిగిస్తే సరిపోతుంది. ఎదురెదురుగా రెండు చోట్ల లేచి ఉంటే ఆ అవధి దాటిపోయింది. ఉక్కు రిమ్ములో మెలి స్వల్పమైతే నేర్పరి అయిన మెకానిక్ నొక్కి కొంతవరకు సరిచేయగలడు. ఇది కృచ్ఛ్రసాధ్యం.

రిమ్ము మీద గాని, పుల్లల రంధ్రాల వద్ద గాని పగులు కనిపించినా, లోహం మడతపడినా అది అసాధ్యం. అల్యూమినియం మిశ్రమలోహపు రిమ్ముల విషయంలో మరింత జాగ్రత్త వహించాలి. వాటిని బలవంతంగా వంచి సరిచేస్తే పగుళ్ళు పుట్టే ప్రమాదం ఉంది.

ఇక్కడ ఒక భ్రమను తొలగించుకోవాలి. వంగిన రిమ్మును కొన్ని పుల్లల అతిబిగువుతో తిన్నగా కనిపించేటట్లు చేయవచ్చు. కాని కొన్ని అతిగా బిగిసి, కొన్ని సడలి ఉన్న చక్రంలో బరువు సమంగా పంచుకోబడదు. కొద్దికాలానికే పుల్లలు విరగవచ్చు, మరొక గుంతలో చక్రం కూలిపోవచ్చు. తిన్నగా కనిపించడం వేరు, దృఢంగా ఉండడం వేరు. ముందు చక్రం విషయంలో సందేహానికి తావివ్వరాదు. అది కూలితే నడిపేవాడు ముందుకు తూలి తలకిందులుగా పడతాడు.

రిమ్ము అసాధ్యమైనంత మాత్రాన చక్రమంతా వ్యర్థం కాదు. హబ్బు బాగుంటే రిమ్ము ఒక్కటి మార్చుకోవచ్చు. కొత్త రిమ్ము అదే కొలత కలిగి, పుల్లల రంధ్రాల సంఖ్య హబ్బుతో సరిపోవాలి. మన పాత పద్ధతి సైకిళ్ళలో సాధారణంగా ముందు చక్రానికి 32, వెనుక చక్రానికి 40 పుల్లలుంటాయి. ఈ లెక్క తెలిసినవాడు దుకాణంలో తికమకపడడు. దేనిని నిలుపుకోవాలో, దేనిని వదులుకోవాలో విడమరచి చూసినప్పుడు ఖర్చూ తగ్గుతుంది, ప్రమాదమూ తప్పుతుంది.

అభ్యాసం

1. బండిచక్రం ఆకులకూ, సైకిల్ పుల్లలకూ పనితీరులో గల భేదాన్ని వివరించండి.
2. చక్రం వంకరకు బిగువు కారణమో, లోహం కారణమో ఎట్లా నిర్ణయిస్తారు?
3. "తిన్నగా కనిపించడం వేరు, దృఢంగా ఉండడం వేరు" – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.