విశ్వవిద్యాలయమున సేవా శిబిరము

హైస్కూలు చదువు ముగించి ఉన్నత విద్యకు పోవు మన పిల్లలను మొదట బాధించునది బెరుకు. గంజాం జిల్లాలోని బరంపురమునే చూడుడు. అచట 1967లో స్థాపింపబడిన విశ్వవిద్యాలయమున పాఠములు ఆంగ్లమున, తోటివారి ముచ్చట్లు ఒడియాలో. తెలుగు బడినుండి వచ్చినవాడు కొన్నాళ్లు వెనుక బెంచీనే ఆశ్రయించును.

ఈ బెరుకును పోగొట్టు సాధనములలో జాతీయ సేవా పథకమొకటి. గాంధీజీ శతజయంతి వత్సరమగు 1969లో, సెప్టెంబరు 24వ తేదీన, 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో ఇది ప్రారంభమయ్యెను. ఇందు చేరినవారు రెండేండ్లలో 240 గంటలు సేవ చేయవలెను. 7 దినములు ఒక గ్రామమున శిబిరములో నుండవలెను.

అసలు శిక్షణ శిబిరముననే. ఏబదిమందికి బియ్యమెంత పోయవలెనో, పార ముట్టనివానిని నొప్పింపక పనిలోనికెట్లు దింపవలెనో ఏ పాఠ్యగ్రంథమును చెప్పదు. గొప్ప యుపన్యాసకులు కొందరు ఇచట తెల్లబోవుదురు!

ఇంటింటికి పోయి వివరములు సేకరించుటయు నొక పని. గంజాం గ్రామములలో తెలుగు కుటుంబములును కలవు. అట్టి వాకిట ఒడియా మిత్రులు తడబడునపుడు, "అమ్మా, ఈ యింట బడికి పోని పిల్లలెందరు?" అని యడుగగలవాడు ఆ వెనుక బెంచీవాడే. ఆ తల్లి చెప్పినది ఒడియాలో వివరించి పట్టికలో వ్రాయించువాడును వాడే. మరునాటినుండి జట్టువారు వానిని ముందు నడువుమందురు.

చదువు చెడునని తలిదండ్రులు శంకింప బనిలేదు. శిబిరములు సామాన్యముగ సెలవులలోనే జరుగును. చేరగోరువారు కళాశాల తెరచిన వెంటనే కార్యక్రమాధికారియొద్ద పేరు నమోదు చేయించుకొనవలెను.