గృహమున సూది కాయకము

కాయకమనగా దేహమును వంచి, మనస్సు నిలిపి చేయు పని. పండ్రెండవ శతాబ్దిలో కల్యాణమున కూడిన శరణులలో మడివాళ మాచయ్య బట్టలుతికెను, మేదర కేతయ్య బుట్టలల్లెను. ఆ శరణుల వరుసలోనే సూజి కాయకద రామితందె యను వచనకారుడు కలడు. కన్నడమున సూజి యనగా సూది. ఆయన వృత్తియే పేరునకు ముందు నిలిచినది. వస్త్రము నేసిన దేడర దాసయ్య కథను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున విస్తరించి చెప్పుటచేత తెలుగువారెరుగుదురు. సూది పట్టిన రామితందెను మాత్రము అంతగా తలచినవారు లేరు. చీరయు పంచెయు కుట్టు లేనివే గదా, సూదితో పనియేమని యనవచ్చును. రవిక, పసిపిల్ల చొక్కా, దిండు గలీబు, చేతిసంచి, చలికాలపు బొంత, వీనిలో నేది సూది లేక సిద్ధించును?

హైదరాబాదున కోఠి నెరిగిన గృహిణులకు ఈ మాట వివరింప నక్కరలేదు. పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ల బ్రిటిషు రెసిడెన్సీ భవనమును బట్టియే ఆ తావునకు కోఠి యను పేరు వచ్చినది. దాని చెంత వెలసిన రెసిడెన్సీ బజారు 1933లో నిజాము ప్రభుత్వమునకు మరల దక్కి సుల్తాన్ బజారైనది. భవనమున 1949 నుండి మహిళా కళాశాల నడచి, ఇటీవల విశ్వవిద్యాలయమైనది. ఒక ప్రక్క స్త్రీల చదువు, మరియొక ప్రక్క రవికగుడ్డలు, లైనింగులు, లేసులు, దారపు కండెలు, గుండీలు అమ్ము దుకాణములు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగరుల నుండి చీర చేతబట్టుకొని వచ్చిన తల్లులు దానికి సరిపడు గుడ్డకై నాలుగు దుకాణములెక్కి దిగుదురు. చూచువారికది చాదస్తముగా తోచును గాని, కాదు. దుకాణపు దీపము క్రింద ఒకటిగా కనబడిన రెండు ఎరుపులు పగటి వెలుతురున వేరువేరుగా తేలుట కలదు. కావున గుడ్డను వాకిటికి తెచ్చి చూచుటయే తెలివి.

కొన్న నూలుగుడ్డను వెంటనే కత్తిరింపరాదు. ఒక రాత్రి నీట నానబెట్టి, పిండక నీడను ఆరవేసి, ఇస్త్రీ చేసిన పిమ్మటనే కత్తెర పట్టవలెను. నూలు తొలి తడుపునకు కుంచించుకొనును. కొత్త రవిక మొదటి ఉతుకుతోనే బిగిసిపోయిన దని దర్జీని నిందించువారు గుడ్డను ముందుగా తడిపిరో లేదో తలచుకొనవలెను. చీరకు వేయు ఫాలునకును ఇదే నియమము. తడుపని ఫాలు చీర కుట్టిన తరువాత కుంచించుకొని అంచును ముడుతలు పడజేయును.

రెండవది పడుగు పేకల ఎరుక. గుడ్డను చేతులతో లాగి చూచినచో పడుగు వైపు సాగదు, పేక వైపు కొంచెము సాగును, ఐమూల పట్టి లాగిన మిక్కిలి సాగును. చొక్కా నిలువు పడుగు వెంట రావలెను. మెడ చుట్టును, చంకల వద్దను వేయు పట్టీ మాత్రము ఐమూలగా కత్తిరించినదైననే వంపునకు లొంగును. ఈ యొక్క సంగతి తెలియకనే అనేకులు ఇంటి కుట్టు పనికిరాదని విడిచిరి.

పెరుగు బిడ్డ పరికిణీకి అడుగున మూడు నాలుగు అంగుళముల మడత దాచి కుట్టుట పూర్వుల యలవాటు. ఏడాదికొకసారి ఒక మడత విప్పిన చాలును. విప్పిన చోట పాత గీత కనబడును. దానిపై గొలుసుకుట్టు వేసినచో అదియే అలంకారమగును. పాత చీర నడుమ నలిగినను అంచులు గట్టిగనే యుండును. నలిగిన భాగము పసిబిడ్డ పొత్తిగుడ్డలకు మేలు, క్రొత్త గుడ్డకు ఆ మెత్తదనము రాదు. తక్కిన భాగములను నాలుగైదు పొరలుగ పరచి, కచ్చాకుట్టుతో దగ్గర దగ్గరగా కుట్టినచో బొంత యగును. నడుమ నుండి అంచులకు కుట్టుచు పోవలెను. అంచు నుండి మొదలిడిన గుడ్డ నడుమ ఉబ్బును.

ఇక లెక్క మాట. నేడు బజారున దొరకు సిద్ధమైన గౌను వెల, ఇంట కుట్టుటకు కావలసిన గుడ్డ, దారముల వెలకంటె తక్కువగ నుండుట కలదు. దీనిని దాచి, ఇంటి కుట్టు ఎల్లప్పుడు పొదుపే యని చెప్పుట సత్యము కాదు. పొదుపు ముఖ్యముగా మరమ్మతులో కలదు, పాతగుడ్డను క్రొత్త పనికి మార్చుటలో కలదు, బిడ్డ యొంటికి అమరుటలో కలదు.

ఇంకొక లెక్క కలదు. దానిని వ్రాయువారు తక్కువ. పొరుగింటి చీరకు ఫాలు కుట్టి పీకో చేసిన యింతికి కూలి వచ్చును. అదే కుట్టు తన కూతురి చీరకు వేసిన పని యనియే ఎవ్వరు నెంచరు. నారాయణగూడలో 1928లో మాడపాటి హనుమంతరావుగారు తెలుగు బాలికలకు పాఠశాల నెలకొల్పిన నాటికి ఆడపిల్లకు చదువేల యనువారే ఎక్కువ. 1937లో వార్ధా సభ బాలబాలికలందరికి చేతిపని ద్వారా చదువు చెప్పవలెనన్నది. దుర్గాబాయి దేశముఖ్ అధ్యక్షురాలుగ 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి, 1958 నుండి చదువు మధ్యలో ఆగిన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమములను నడపినది. ఇంత జరిగినను, బడిలో సూది బాలికకు, సుత్తి బాలునకు అను విభజన చాల చోట్ల పోలేదు. వీధిలోని దర్జీ పురుషుడే, రామితందెయు పురుషుడే. ఇంటిలో మాత్రము గుండీ ఊడిన చొక్కా ఎందుకు తల్లి యొడిలోనే పడవలెను? కాయకమున హెచ్చుతగ్గులు లేవను మాటను చూపి పనియంతయు ఒక్కరి మీద మోపుట ఆ మాటకు విరుద్ధము. భర్త మారయ్య అవసరమునకు మించి బియ్యమేరి తెచ్చినప్పుడు ఆయ్దక్కి లక్కమ్మ ఒప్పుకొనక మరల పంపినది. కాయకమున కొలతను చెప్పినది ఇల్లాలే.

కావున బాలునకును బాలికకును కలిపి మొదట నేర్పదగినది గుండీ కుట్టుట. దారము మూర కంటె పొడవుండరాదు, పొడవైనది చిక్కుపడును. గుండీకిని గుడ్డకును నడుమ ఒక అగ్గిపుల్ల నుంచి నాలుగుసార్లు కుట్టి, పుల్ల తీసి, గుండీ క్రింద దారమును మూడు చుట్లు చుట్టి గుడ్డ వెనుక ముడివేయవలెను. అట్లు వదలు విడిచిన గుండీకే కాజాలో కదలుటకు చోటుండును. ఈ పని చేయి తిరిగిన పిమ్మట కాజా నేర్పవచ్చును. దానికి ఓర్పు ఎక్కువ కావలెను, పాతగుడ్డ ముక్కలును ఎక్కువే కావలెను.