సీజన్ అంచనా రాసే ముందు: బేగంపేట బాస్కెట్‌బాల్ అభిమానుల సందేహాలు, సమాధానాలు

అక్టోబరు దగ్గరపడితే చాలు, బేగంపేట, అమీర్‌పేట, పంజగుట్ట కుర్రాళ్ళ మధ్య ఒకటే చర్చ. ఈసారి ఏ జట్టు గట్టిగా ఉంది, ఎవరు ప్లేఆఫ్స్ గడప కూడా తొక్కలేరు, ఎవరి మోకాలు ఇంకా కుదురుకోలేదు? ఇదివరకు ఈ మాటలు కోర్టు పక్కన మొదలై అక్కడే ఆగిపోయేవి. ఇప్పుడు వాటిని వ్యాసాలుగా రాస్తున్నారు, వీడియోలు చేస్తున్నారు, వాట్సాప్ చానెళ్ళు నడుపుతున్నారు. దాంతోపాటే భయాలూ వచ్చాయి: ఫొటో పెడితే కేసు అవుతుందా, గ్రూపులో పందెం కాస్తే పోలీసులు వస్తారా అని. తరచూ వినిపించే ప్రశ్నలకు ఇవీ జవాబులు. నోటీసు చేతికి వచ్చాక మాత్రం న్యాయవాదిని కలవడమే దారి.

మన ఊరికి ప్రొఫెషనల్ జట్టే లేనప్పుడు ఎవరి గురించి రాయాలి?

లేదనుకోవడం సరి కాదు. నిలవలేదు, అంతే. 2015లో మొదలైన యూబీఏ లీగ్‌లో హైదరాబాద్ స్కై ఆడింది. 2018లో ముగ్గురేసి ఆడే 3బీఎల్ వచ్చినప్పుడు హైదరాబాద్ బాలర్స్ ఉంది. 2022-23లో జరిగిన ఐఎన్‌బీఎల్ అనే లీగ్ తొలి సీజన్‌లో ఆరు నగరాలకు చోటు దక్కితే వాటిలో హైదరాబాద్ లేదు. చెన్నై హీట్ విజేతగా నిలిచింది. 2025లో పాతికేళ్ళలోపు వాళ్ళకోసం పెట్టిన ఐఎన్‌బీఎల్ ప్రోలో హైదరాబాద్ ఫాల్కన్స్ పేరుతో మళ్ళీ మన జట్టు వచ్చింది.

పేరు మారుతుంది, యజమాని మారతాడు, ఒక్కోసారి లీగే మూతపడుతుంది. ఎవరు ఆడారో, ఎన్ని పాయింట్లు చేశారో తెలుగులో రాసి ఉంచినవాళ్ళు బహు తక్కువ. ఎన్‌బీఏ మీద రాయండి, తప్పు లేదు. కానీ రాసేవాళ్ళలో సగంమందైనా మన జట్ల మీద రాయాలని నా కోరిక. అక్కడ సీజన్‌కు ముందు రాసిన ఒక్క పేజీ కూడా తర్వాతివాళ్ళకు ఆధారమవుతుంది.

స్కోర్లు, గణాంకాలు, ఆటగాళ్ళ పేర్లు వాడుకోవడానికి లీగ్ అనుమతి కావాలా?

అక్కర్లేదు. జరిగిన మ్యాచ్‌లో జరిగిన సంగతి ఎవరి సొత్తూ కాదు. దీనిమీద అమెరికాలో ఎన్‌బీఏయే కోర్టుకు వెళ్ళి ఓడిపోయింది. 1990లలో మోటరోలా కంపెనీ స్పోర్ట్స్‌ట్రాక్స్ అనే పేజర్ అమ్మింది. మ్యాచ్ నడుస్తుండగానే, రెండు మూడు నిమిషాల తేడాతో, స్కోరు అందులో కనిపించేది. తమ స్కోరును తమ అనుమతి లేకుండా అమ్ముకుంటున్నారని ఎన్‌బీఏ వాదించింది. 1997లో అప్పీలు కోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. ప్రసారానికి కాపీరైట్ ఉంటుంది, ఆటలో జరిగిన విషయాలకు ఉండదు అని తేల్చింది.

మన దగ్గర 2013లో క్రికెట్ స్కోర్ల మీద ఇలాంటి వివాదమే ఢిల్లీ హైకోర్టుకు వచ్చింది. స్కోరు సందేశాలు పదిహేను నిమిషాలు ఆగి పంపాలని ఒక న్యాయమూర్తి అంటే, ద్విసభ్య ధర్మాసనం ఆ ఉత్తర్వును కొట్టేసింది. తర్వాత వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కాబట్టి మ్యాచ్ నడుస్తుండగా క్షణక్షణం స్కోరు అమ్మే వ్యాపారం చేసేవాళ్ళు సలహా తీసుకోవాలి. మీరు రాసేది నిరుటి లెక్కల మీద, రాబోయే సీజన్ గురించి. మీకు ఆ బెడద లేదు.

2023లో ఆటగాళ్ళ డిజిటల్ కార్డులు అమ్మే రారియో, స్ట్రైకర్ సంస్థల కేసులో అదే హైకోర్టు ఇంకో ముక్క స్పష్టంగా చెప్పింది. అందరికీ అందుబాటులో ఉన్న ఆటగాళ్ళ పేర్లు, గణాంకాల మీద ఎవరూ గుత్తాధిపత్యం కోరలేరు, వాటి వాడకానికి భావప్రకటన స్వేచ్ఛ రక్షణ ఉంటుంది అని. అయితే సంఖ్యలు వేరు, వాటిమీద ఇంకొకరు రాసిన విశ్లేషణ వేరు. పట్టికలోని అంకెలు తీసుకోవచ్చు. ఆ పట్టిక కింద ఉన్న నాలుగు పేరాల్ని తెలుగులోకి దించేసి మీ పేరు పెట్టుకోకూడదు. అనువాద హక్కు కూడా రాసినవాళ్ళదే.

ఫొటో కింద ‘సౌజన్యం’ అని రాస్తే సరిపోతుందా?

సరిపోదు. పేరు చెప్పడం మర్యాద, అనుమతి తీసుకోవడం చట్టం. ఫొటో హక్కు తీసినవాళ్ళదో, వాళ్ళ సంస్థదో అవుతుంది. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సమీక్షకు, విమర్శకు, వర్తమాన విషయాల కథనానికి కొంత వెసులుబాటు ఇస్తుంది. ఒక జట్టు డిఫెన్స్ ఎక్కడ చెదిరిందో చూపడానికి ఎనిమిది సెకన్ల క్లిప్ పెట్టి దానిమీద మాట్లాడితే మీ వాదనకు బలం ఉంటుంది. పది నిమిషాల డంక్‌లన్నీ గుదిగుచ్చి వెనక పాట పెడితే అది సమీక్ష కాదు.

అసలు మన కోర్టుల్లో జరిగే మ్యాచ్‌ల ఫొటోలు మీరే తీయొచ్చు కదా! యూసుఫ్‌గూడ కోట్ల విజయభాస్కర్ రెడ్డి స్టేడియం, విక్టరీ ప్లేగ్రౌండ్, సికింద్రాబాద్ వైఎంసీఏ మనకు దూరం కాదు. నిర్వాహకుల అనుమతి తీసుకోండి. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల ముఖాలు పెట్టేముందు తల్లిదండ్రుల్ని అడగండి.

జట్టు లోగో?

జట్టును పేరుతో పిలవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. లోగోను టీషర్టు మీద అచ్చువేసి అమ్మడం, మీ చానెల్ ఆ జట్టు అధికారిక చానెల్ అనిపించేలా వాడటం ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన.

ఎన్‌బీఏ జట్టు అవకాశాలు తేల్చాలంటే ఏ నిబంధనలు చదవాలి?

చాలా అంచనాలు ఇక్కడే బోల్తా కొడతాయి. ఆటగాడి ప్రతిభ చూస్తారు గానీ జీతాల లెక్క చూడరు. 2025-26 సీజన్‌కు జీతాల పరిమితి సుమారు 15.46 కోట్ల డాలర్లు. దాన్ని దాటొచ్చు, కానీ దాటేకొద్దీ ఆంక్షలు బిగుస్తాయి. సెకండ్ ఏప్రన్ అనే గీత ఆ సీజన్‌కు సుమారు 20.78 కోట్ల డాలర్ల దగ్గర ఉంది. అది దాటిన జట్టు ఇద్దరు ముగ్గురు ఆటగాళ్ళ జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాడిని ట్రేడ్‌లో తెచ్చుకోలేదు. ట్రేడ్‌లో నగదు ఇవ్వలేదు. ఏడేళ్ళ తర్వాతి మొదటి రౌండ్ డ్రాఫ్ట్ పిక్ కూడా చేతులు మార్చడానికి వీల్లేకుండా ఆగిపోతుంది.

బోస్టన్ సెల్టిక్స్ సంగతి చూడండి. 2024లో చాంపియన్. 2025 మేలో జేసన్ టేటమ్‌కు మడమ వెనక అకిలీస్ టెండన్ తెగింది. ఆ వేసవిలోనే సెకండ్ ఏప్రన్ గీత కిందికి దిగడానికి జ్రూ హాలిడేని పోర్ట్‌లాండ్‌కూ, క్రిస్టాప్స్ పోర్జింగిస్‌ను అట్లాంటాకూ పంపించేశారు. చాంపియన్ జట్టు ఏడాది తిరిగేసరికి ఎందుకు విడిపోయిందో గాయం ఒక్కటే చెప్పదు, జీతాల పట్టిక చెబుతుంది. ఇండియానా పేసర్స్‌ది వేరే కథ: 2025 ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో టైరీస్ హాలిబర్టన్‌కూ అదే గాయమైంది, టైటిల్ ఓక్లహామా సిటీ థండర్‌కు దక్కింది. అకిలీస్ తెగినవాడు ఇంచుమించు ఏడాది బయటే ఉంటాడు. నిరుటి ఫైనలిస్టు కదా అని పేసర్స్‌ను మళ్ళీ పైన నిలబెట్టినవాళ్ళు ఇది లెక్కలోకి తీసుకోలేదు.

ఇంకా చూడాల్సినవి: జట్టులో పదిహేను మామూలు ఒప్పందాలు, మూడు టూ-వే (ఎన్‌బీఏకూ, దాని కింది లీగ్‌కూ ఆడే) ఒప్పందాలు ఉండొచ్చు. కాన్ఫరెన్స్‌లో ఏడు నుంచి పది స్థానాల్లో ఉన్నవాళ్ళు ప్లేఆఫ్స్‌లో చోటు కోసం ప్లే-ఇన్ మ్యాచ్‌లు ఆడాలి. కాబట్టి ‘ఎనిమిదో స్థానం ఖాయం’ అని రాస్తే ప్లేఆఫ్స్ ఖాయమని అర్థం రాదు. 2023-24 నుంచి ఎంవీపీ లాంటి పెద్ద అవార్డులకు కనీసం 65 మ్యాచ్‌లు ఆడాలన్న నిబంధన ఉంది. తరచూ గాయపడే ఆటగాడిని ఎంవీపీ అని రాసేముందు వాడు నిరుడు ఎన్ని మ్యాచ్‌లు ఆడాడో చూడండి.

మన లీగ్ ఆటగాడిని ఎన్‌బీఏ అంకెలతో పోల్చొచ్చా?

నేరుగా పోలిస్తే మనవాడికి అన్యాయం చేసినట్టే. ఎన్‌బీఏ మ్యాచ్ 48 నిమిషాలు, అంతర్జాతీయ సమాఖ్య ఫీబా నిబంధనల మ్యాచ్ 40 నిమిషాలు. అక్కడ ఆరో ఫౌల్‌కు బయటికి పోతాడు, ఇక్కడ అయిదో దానికే. మూడో క్వార్టర్లో నాలుగో ఫౌల్ పడిన పొడగరిని కోచ్ బెంచీ మీద కూర్చోబెడితే, వాడి రీబౌండ్లు తగ్గింది చేతకాక కాదు. ముగ్గురేసి ఆడే ఆటైతే పూర్తిగా వేరు: పది నిమిషాలు లేదా 21 పాయింట్లు, షాట్ గడియారం 24 సెకన్లు కాదు, 12. ఒక ఆటగాడి పాయింట్లు రాసేటప్పుడు ఎన్ని నిమిషాల్లో చేశాడో పక్కనే రాయండి.

గ్రూపులో తలా వంద వేసుకుని ఎవరి అంచనా నిజమైతే వాళ్ళకు ఇద్దామనుకుంటున్నాం. చిన్న సరదాయే కదా?

వద్దు. తెలంగాణ గేమింగ్ చట్టం 1974 నాటిది. 2017లో దాన్ని సవరించి ఆన్‌లైన్‌నూ కలిపారు, డబ్బు పెట్టి ఆడితే నైపుణ్యమున్న ఆటకు కూడా మినహాయింపు లేకుండా చేశారు. ‘మేం గణాంకాలు చదివి చెబుతున్నాం, ఇది అదృష్టం కాదు’ అన్న వాదన ఇక్కడ నిలబడదు. వంద రూపాయలైనా పందెమే.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలు నడిపేవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. వాటికి ప్రచారం చేసేవాళ్ళకు రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా అని అందులో ఉంది. పెద్ద ఫాంటసీ కంపెనీలు ఆ నెలలోనే నగదు పోటీలు ఆపేశాయి.

ప్రచారం అన్న మాట దగ్గర రాసేవాళ్ళు ఆగి ఆలోచించాలి. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేశారని సోషల్ మీడియా ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసు పెట్టింది మన పంజగుట్ట పోలీస్ స్టేషన్‌లోనే. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. మీ చానెల్‌కు వెయ్యిమంది చేరగానే ఎవరో ఒకరు సందేశం పెడతారు: ‘అన్నా, మీ అంచనా కింద మా లింక్ పెట్టండి, నెలకు ఇంత.’ ఒప్పుకోకండి. అమీర్‌పేట హాస్టళ్ళలో ఇంటినుంచి వచ్చిన కోచింగ్ ఫీజు ఇలాంటి లింకుల పాలు చేసుకుని ఇంటికి ముఖం చూపలేక నలిగే పిల్లలున్నారు. మీ మాట నమ్మి నొక్కేది వాళ్ళే.

ప్రవేశ రుసుము లేకుండా, సరిగ్గా ఊహించినవాళ్ళకు మీ సొంత డబ్బుతో ఒక బంతి కొనిస్తే పాల్గొన్నవాళ్ళెవరూ ఏమీ పోగొట్టుకోరు, కాబట్టి అది పందెం కాదు.

బూట్ల షాపువాళ్ళు జత ఉచితంగా ఇచ్చారు. చెప్పాలా?

చెప్పాలి. 2023 జనవరిలో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం డబ్బే కాదు, ఉచిత వస్తువు తీసుకున్నా అది ప్రకటన అని చూసేవాళ్ళకు స్పష్టంగా కనిపించాలి. వివరణ పెట్టెలో అట్టడుగున పెట్టడం కాదు, వీడియోలోనే చెప్పండి.

ఫలానా ఆటగాడికి గాయమని ఫిజియో నుంచి తెలిసింది. రాయొచ్చా?

జట్టు ప్రకటించినది, ఆటగాడు చెప్పినది, మైదానంలో అందరికీ కనిపించినది రాయొచ్చు. ఫిజియో చెవిలో చెప్పినది వద్దు. అది ఆ ఆటగాడి వైద్య రహస్యం, అదీగాక పందెగాళ్ళకు బంగారం. టొరంటో రాప్టర్స్‌కు ఆడిన జాంటే పోర్టర్ తన ఆరోగ్యం గురించిన గుట్టును పందెగాళ్ళకు చెప్పాడని 2024 ఏప్రిల్‌లో ఎన్‌బీఏ జీవితకాల నిషేధం వేసింది. ఆ తర్వాత కోర్టులోనూ నేరం ఒప్పుకున్నాడు. మీరు డబ్బు తీసుకోకపోయినా, మీ పోస్టు చూసి ఎవరో డబ్బు కాస్తారు.

ఘాటుగా విమర్శిస్తే పరువునష్టం అవుతుందా?

భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టానికి రెండేళ్ళ దాకా సాధారణ జైలు పడొచ్చు. కానీ ప్రజల ముందు పెట్టిన ప్రదర్శన మంచిచెడ్డల మీద సదుద్దేశంతో చెప్పిన అభిప్రాయానికి అందులోనే మినహాయింపు ఉంది. ‘ఈ గార్డ్ ఎడమచేత్తో డ్రిబుల్ చేయలేడు, ఒత్తిడి వస్తే బంతి వదిలేస్తాడు’ అని నిక్షేపంగా రాయండి. ‘ఆ మ్యాచ్ కావాలనే వదిలేశాడు’ అన్నది అభిప్రాయం కాదు, ఆరోపణ. రుజువుంటే తప్ప ముట్టుకోవద్దు.

హాస్టల్ హాల్లో మ్యాచ్ చూపిస్తూ టికెట్ పెట్టొచ్చా?

అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఏడింటి మ్యాచ్ శీతాకాలంలో మనకు తెల్లవారుజామున అయిదున్నరకు మొదలవుతుంది. నలుగురు దోస్తులు టీ పెట్టుకుని చూస్తే అడిగేవాళ్ళు లేరు. డబ్బు తీసుకుని ప్రజలకు చూపిస్తే కాపీరైట్ చట్టం 37వ సెక్షన్ ప్రకారం ప్రసార హక్కు ఉల్లంఘన. టికెట్ లేకపోయినా కెఫే లాంటి చోట వ్యక్తిగత ఓటీటీ చందాతో చూపించడం ఆ చందా షరతులకు విరుద్ధం కావచ్చు, షరతులు చదువుకోండి.

సీజన్ టికెట్ కొన్నాక లీగ్ వాయిదా పడింది. డబ్బు వెనక్కి వస్తుందా?

ముందు రాతపూర్వకంగా అడగండి. స్పందన లేకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పండి. అదీ కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం నిర్వాహకుల ఆఫీసు ముంబైలో ఉన్నా బేగంపేటలో ఉండే మీరు హైదరాబాద్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. రెండేళ్ళ గడువు ఉంటుంది. అయిదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు.

నా వీడియో మీద కాపీరైట్ ఫిర్యాదు వచ్చింది. ఏం చేయాలి?

కంగారుపడి చానెల్ మూసేయకండి, నిర్లక్ష్యమూ చేయకండి. యూట్యూబ్‌లో తొంభై రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే చానెల్ పోతుంది. ఫిర్యాదు చేసినవాళ్ళు నిజంగా హక్కుదారులేనా, ఏ సెకన్ల మీద అభ్యంతరమో చూడండి. తప్పు మీదైతే ఆ ముక్క తీసేయండి. న్యాయమైన సమీక్షే చేశారనుకుంటే కౌంటర్ నోటిఫికేషన్ పంపే హక్కు మీకుంది. మన కాపీరైట్ చట్టంలోనూ 21 రోజుల నియమం ఉంది: ఫిర్యాదు చేసినవాళ్ళు ఆలోగా కోర్టు ఉత్తర్వు తేకపోతే తీసిన వీడియోను ఆ వేదిక మళ్ళీ పెట్టొచ్చు. ఈలోపు మీరు రాసుకున్న స్క్రిప్టు, అంకెలు తీసుకున్న తేదీలు, మీరు తీసిన అసలు ఫుటేజీ భద్రంగా దాచుకోండి. న్యాయవాది మొదట అడిగేవి అవే.