నిద్ర ఆపే మాత్ర మార్కులు తెస్తుందా?

పగలు డ్యూటీ, రాత్రి చదువు. ఉద్యోగం చేసుకుంటూ గ్రూప్‌-1కో సివిల్స్‌కో సిద్ధమయ్యేవాళ్లకు రోజులో మిగిలేవి మూడు నాలుగు గంటలు. అవీ ఒళ్లు పూర్తిగా అలిసిపోయాక దొరికేవే. అలాంటి వేళ పక్క గది కుర్రాడు "అన్నా, ఇదొకటి వేసుకో, తెల్లారేదాకా నిద్ర రాదు" అంటూ మోడాఫినిల్‌ మాత్ర చేతిలో పెడితే కాదనడం కష్టమే. హైదరాబాద్‌ అశోక్‌నగర్‌లో గది తీసుకుని చదివేవాళ్లకైనా, గచ్చిబౌలిలో నైట్‌ షిఫ్ట్‌ దిగి పుస్తకం పట్టేవాళ్లకైనా ఆ ఆశ పుట్టడం సహజం.

అయినా డాక్టర్‌ రాయకుండా ఆ మాత్ర వేసుకోవద్దనే చెబుతాను. ఊరికే "మంచిది కాదు" అంటే పరీక్ష నెత్తిమీద ఉన్న మనిషి వినడు కాబట్టి కారణాలు వివరంగానే చెప్పాలి.

మోడాఫినిల్‌ను ఇచ్చేది నార్కోలెప్సీ అనే జబ్బుకు, అంటే పగటిపూట ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చేవాళ్లకు. నిద్రలో శ్వాస ఆగిపోయే స్లీప్‌ ఆప్నియా ఉన్నవాళ్లకు, షిఫ్టుల పని వల్ల నిద్ర చెడిపోయినవాళ్లకు కూడా రాస్తారు. ఇలాగే చేతులు మారే మిథైల్‌ఫెనిడేట్‌ ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ సమస్యకు వాడే మందు. అమెరికాలో ఎక్కువగా వినిపించే అడరాల్‌ ఆంఫెటమిన్‌ లవణాల మిశ్రమం. మిథైల్‌ఫెనిడేట్‌, ఆంఫెటమిన్‌ రెండూ మన దేశంలో మత్తుమందులను అదుపు చేసే 1985 నాటి ఎన్‌డీపీఎస్‌ చట్టం కిందికి వస్తాయి. డాక్టర్‌ చీటీ లేకుండా కొన్నా, దగ్గర పెట్టుకున్నా, స్నేహితుడికి రెండు మాత్రలు ఇచ్చినా కేసు అయ్యే ప్రమాదం ఉంది. రేపు పోలీస్‌ వెరిఫికేషన్‌ దాటాల్సిన ఉద్యోగం కోసం చదువుతూ ఇంత రిస్కు తీసుకోవడం ఎందుకు?

సరే, చట్టం సంగతి పక్కన పెడదాం. అసలు మార్కులు పెరుగుతాయా? 2023లో మెల్‌బోర్న్‌ విశ్వవిద్యాలయం పరిశోధకులు 40 మంది ఆరోగ్యవంతులకు ఈ మందులు ఇచ్చి చూశారు. ఇంత బరువే పట్టే సంచిలో ఏయే వస్తువులు వేస్తే ఎక్కువ విలువ వస్తుందో తేల్చమన్నారు. మందు వేసుకున్నవాళ్లు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నప్పటికంటే ఎక్కువసేపు కూర్చున్నారు, ఎక్కువసార్లు ప్రయత్నించారు. కానీ ఆ ప్రయత్నాల నాణ్యత తగ్గింది. మందు లేకుండా సగటు కంటే బాగా చేసినవాళ్లు మందుతో సగటు కిందికి జారే ధోరణి కనిపించింది. కష్టం పెరిగింది, ఫలితం పెరగలేదు.

జర్మనీ పరిశోధకులు 2017లో ప్రచురించిన చదరంగం అధ్యయనం పరీక్షలు రాసేవాళ్లకు ఇంకా దగ్గరిది. మోడాఫినిల్‌ గానీ మిథైల్‌ఫెనిడేట్‌ గానీ వేసుకున్న ఆటగాళ్లు ఒక్కో ఎత్తుకు ఎక్కువసేపు ఆలోచించారు. దాంతో గడియారం అయిపోయి ఓడిన ఆటలు పెరిగాయి. టైమ్‌ దాటి పోయిన ఆటలను తీసేసి లెక్కిస్తే వాళ్ల ఆట మెరుగ్గానే ఉంది, ఆ మాటా దాచకూడదు. అయితే మన పరీక్ష హాల్లో గడియారాన్ని లెక్కలోంచి తీసేసేవాళ్లెవరూ ఉండరు. సివిల్స్‌ ప్రిలిమ్స్‌ జనరల్‌ స్టడీస్‌ పేపర్లో రెండు గంటల్లో 100 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు 72 సెకన్లు. తప్పుకు మూడో వంతు మార్కులు పోతాయి. ఏ ప్రశ్న వదిలేయాలో చప్పున తేల్చుకున్నవాడే అక్కడ నెగ్గుతాడు. ఒక్క ప్రశ్ననే పట్టుకుని వేలాడేలా చేసే మందు అక్కడ దెబ్బ తీస్తుంది.

"నాకు మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది" అనే స్నేహితుడు అబద్ధం చెప్పడం లేదు. 2013లో అమెరికాలో అడరాల్‌ మీద చేసిన ఒక ప్రయోగంలో కూడా ఇదే తేలింది: పనితీరులో చెప్పుకోదగ్గ తేడా లేకపోయినా, బాగా చేశామని మందు వేసుకున్నవాళ్లు గట్టిగా నమ్మారు. హుషారు పెరగడాన్ని తెలివి పెరగడంగా పొరబడటం ఈ మందులతో చాలా తేలిక.

నిద్ర సంగతికొద్దాం. మోడాఫినిల్‌ ఒంట్లో సగానికి తగ్గడానికి 12 నుంచి 15 గంటలు పడుతుంది. మధ్యాహ్నం వేసుకుంటే అర్ధరాత్రి దాటినా సగం మిగిలే ఉంటుంది. చదివింది మెదడులో బాగా స్థిరపడాలంటే నిద్ర కావాలి. ఒక రాత్రి మిగుల్చుకున్నామనుకుని అంతకు ముందు చదివినదాన్ని చేజార్చుకుంటాం. పైగా రక్తపోటు, గుండె వేగం పెరగడం, ఆకలి చచ్చిపోవడం, ఆందోళన ఉండనే ఉన్నాయి. బీపీ ఉందని తెలియకుండా తిరుగుతున్నవాళ్లు మన ఆఫీసుల్లో ఎంతమందో.

ఆడవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సినది ఒకటుంది, దీన్ని మాత్ర పంచేవాళ్లు ఎప్పుడూ చెప్పరు. మోడాఫినిల్‌ గర్భనిరోధక మాత్రల శక్తిని తగ్గిస్తుంది. మానేశాక కూడా నెల రోజుల దాకా ఆ ప్రభావం ఉంటుంది. గర్భంలో ఉన్న బిడ్డకు అవకరాలు వచ్చే ప్రమాదముందన్న హెచ్చరిక కూడా ఉంది.

ఇంతా చెప్పి, నిజంగా మందు అవసరమైనవాళ్లను భయపెట్టడం నా ఉద్దేశం కాదు. పన్నెండేళ్లు నిండకముందు నుంచే కుదురుగా కూర్చోలేకపోవడం, మొదలుపెట్టినవి సగంలో వదిలేయడం, వస్తువులు పారేసుకోవడం ఉండి, అవి ఇప్పటికీ ఇంట్లోనూ ఆఫీసులోనూ ఇబ్బంది పెడుతుంటే సైకియాట్రిస్టును కలవండి. హైదరాబాద్‌ ఎర్రగడ్డలోనూ విశాఖలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. వీలైతే చిన్నప్పటి సంగతులు తెలిసిన అమ్మనో అన్ననో వెంట తీసుకెళ్లండి. ఏడీహెచ్‌డీ అని తేలితే మందు వాడటం మోసమూ కాదు, తప్పూ కాదు. సరిపడే మోతాదు కుదరడానికి వారాలు పడుతుంది కాబట్టి పరీక్షకు నెలల ముందే వెళ్లాలి. అమెరికా వైద్య లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ రాసే మన డాక్టర్లు ఈ నిర్ధారణ పత్రాలతో అదనపు సమయానికి దరఖాస్తు చేసుకోవచ్చు. విదేశాలకు వెళ్లేవాళ్లు మాత్రం జాగ్రత్త: యూఏఈకి ఇలాంటి మందులు తీసుకెళ్లాలంటే ముందే అనుమతి కావాలి, జపాన్‌లోకి అడరాల్‌ను చీటీ ఉన్నా రానివ్వరు.

ఇక మిగతావాళ్లు. రోజంతా నిద్రమత్తుగా ఉంటే మొదట రక్తహీనత, థైరాయిడ్‌ పరీక్షలు చేయించండి. గురక ఎక్కువని ఇంట్లోవాళ్లు అంటుంటే అది కూడా డాక్టర్‌కు చెప్పండి. ఈఎల్‌ (ఎర్న్‌డ్‌ లీవు)లను పెళ్లిళ్లకూ పండగలకూ ఖర్చుపెట్టకుండా ఆఖరి మూడు వారాలకు దాచుకోండి, పై అధికారికి రెండు నెలల ముందే చెప్పి పెట్టండి. నైట్‌ షిఫ్టులుంటే ఆ నెలకు మార్పించుకునే ప్రయత్నం చేయండి. అడగడానికి మొహమాటపడి మాత్ర మింగేవాళ్లను చూస్తే బాధేస్తుంది. కష్టమైన సబ్జెక్టును డ్యూటీకి వెళ్లే ముందు గంటన్నర చదివి, సాయంత్రానికి పునశ్చరణ, పాత ప్రశ్నలు ఉంచుకోండి. ఆదివారం మాక్‌ టెస్టును అసలు పరీక్ష వేళకే రాయండి. కాఫీ తాగండి, కానీ మధ్యాహ్నం దాటాక వద్దు.

ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఏ మందు, ఎన్నాళ్లుగా, రోజుకు ఎన్ని అన్నది దాచకుండా డాక్టర్‌కు చెప్పండి. నిద్ర పట్టడానికి మద్యం తాగడమో నిద్రమాత్ర వేయడమో చేయకండి. మొహమాటంగా ఉంటే టెలీ మానస్‌ 14416కు ఫోన్‌ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. ఛాతీలో నొప్పి, విపరీతమైన గుండెదడ, ఒంటి మీద పొక్కులు, దద్దుర్లు వస్తే మాత్రం మర్నాటి దాకా ఆగకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. బండి లేకపోతే 108కి ఫోన్‌ చేయండి.