కలశానికి బంగారు రేకు అద్దే విధానం

కుంభాభిషేకం దగ్గర పడుతుంటే చాలామంది అడిగే ప్రశ్న: "కలశాలకు బంగారం మనమే అద్దుకోవచ్చా?" ఓపిక ఉంటే అద్దుకోవచ్చు. అయితే ప్రతిష్ఠించిన కలశాన్ని అర్చకస్వాముల అనుమతి లేకుండా ముట్టుకోరాదు.

తిరుమల ఆనందనిలయంపై ఉన్నది బంగారు పూత పూసిన రాగి రేకుల తాపడం. మనం చెప్పుకుంటున్నది అది కాదు. మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు మందం ఉండే బంగారు రేకును జిగురుతో లోహంపై అద్దడం.

1. శుభ్రం చేయడం: పాత వార్నిష్, చిలుము పూర్తిగా పోవాలి. సన్నని గరుకు కాగితంతో రుద్ది, అసిటోన్‌తో తుడవాలి. తరువాత వట్టి చేత్తో తాకకూడదు.

2. ప్రైమర్: బంగారం చిలుము పట్టదు. కానీ రేకులో కంటికి కనబడని రంధ్రాలుంటాయి. వాటిగుండా తేమ దిగి, కింది రాగి చిలుము పట్టి రేకును లేపేస్తుంది. అందుకే ముందు రాగికి తగిన ప్రైమర్, దానిపై పసుపు ఎనామిల్ వేసి బాగా ఆరనివ్వాలి.

3. జిగురు: అవిసె నూనెతో చేసిన, "సైజు" అనే జిగురును పలుచగా పూయాలి. ఆరుబయట పనికి నిదానంగా ఆరే రకం మేలు. మడిచిన వేలి కణుపుతో తాకి తీస్తే చిన్న చప్పుడు రావాలి, వేలికి అంటకూడదు. తడిగా ఉంటే బంగారం మునిగి మెరుపు పోతుంది. మరీ ఆరితే రేకు అంటదు. చలిలో, తేమలో ఇంకా ఆలస్యమవుతుంది.

4. రేకు: విడి రేకు ఊపిరికే ఎగిరిపోతుంది. బయట పనికి పలుచని కాగితానికి అంటించి అమ్మే రేకు తీసుకోవాలి. ఒకదాని అంచు మరొకదానిపై కొద్దిగా పడేలా అద్ది, మెత్తని కుంచెతో నొక్కాలి. ఖాళీలను జిగురు ఆరకముందే ముక్కలతో పూడ్చాలి.

5. వార్నిష్: 23 క్యారెట్ల రేకుకు అక్కరలేదు. చవకగా దొరికే నకిలీ రేకు రాగి, జింకుల మిశ్రమం. వార్నిష్ వేయకపోతే నల్లబడుతుంది. దాతలు ఇచ్చింది బంగారానికైతే కొనేముందు ఆ తేడా చూసుకోవడం మన ధర్మం.

ముహూర్తం నుండి వెనక్కి లెక్కపెట్టి, ఆరడానికి కావలసిన రోజులు విడిచి పని మొదలుపెట్టండి. బాగా చేసిన పని వచ్చే కుంభాభిషేకం దాకా నిలుస్తుంది. రేకు ఊడిందంటే తప్పు బంగారంది కాదు, చాలావరకు కింది పనిదే.