చేయి ఎత్తినది ఎవరు?

పిల్లలూ! ఒకసారి మీ కుడిచేయి పైకెత్తండి. ఎత్తారా? ఎత్తినది ఎవరు? “నేనే” అంటారు మీరు. ఆ “నేను” ఎక్కడ ఉన్నది? ఈ ప్రశ్నను గురించి ఆలోచించిన గొప్ప వైద్యుడు ఒకరు మన కెనడాలోనే ఉండేవారు.

ఆయన పేరు వైల్డర్ పెన్‌ఫీల్డ్. 1891లో అమెరికాలో పుట్టి, మాంట్రియల్ నగరంలో స్థిరపడ్డారు. మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో 1934లో నాడీవైద్య సంస్థను నెలకొల్పారు. మూర్ఛ వ్యాధికి శస్త్రచికిత్స చేయడంలో ఆయన సిద్ధహస్తులు.

మెదడును తాకితే నొప్పి తెలియదు. కనుక తలపై చర్మానికి మాత్రం మత్తుమందు ఇచ్చి, రోగి మెలకువగా ఉండగానే ఆయన మెదడును పరీక్షించేవారు. మాటకూ కదలికకూ అవసరమైన భాగాలేవో తెలిస్తేనే గదా, వాటిని కాపాడగలిగేది! మెదడుపై ఒకచోట స్వల్పంగా విద్యుత్తు తాకించగానే రోగి చేయి కదిలేది. కాని ఆ పని తాను చేయలేదనీ, డాక్టరుగారే చేయించారనీ రోగి చెప్పేవాడు!

విద్యుత్తుతో చేతిని కదిలించగలిగాను గాని, నిర్ణయాన్ని పుట్టించలేకపోయానని పెన్‌ఫీల్డ్ గమనించారు. మనస్సు మెదడుకంటే వేరని భావించి, 1975లో ఒక గ్రంథం వెలువరించారు. 1976లో మరణించారు.

అందరూ దీనిని ఒప్పుకోలేదు. మెక్‌గిల్‌లోనే పనిచేసిన డోనాల్డ్ హెబ్ దృష్టిలో మనస్సు అంటే మెదడు చేసే పనియే. 2009లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు మెదడులో మరొకచోట విద్యుత్తు తాకించగా, రోగులకు కదలాలనే కోరికే పుట్టింది! అందుచేత ఈ వాదం నేటికీ తేలలేదు.

మన నిర్ణయాలు మన చేతిలోనివే అనడం స్వేచ్ఛా సంకల్పవాదం. ప్రతి నిర్ణయానికీ ముందే కారణాలున్నవి అనడం నియతివాదం. నియతి అంటే తలరాత అనుకోకండి. ఏమి చేసినా జరిగేది జరుగుతుంది అంటుంది తలరాత. మీరు చేసే పని కూడ ఒక కారణమే అంటుంది నియతివాదం. “నాకు తెలుగు రాదు, నా రాత ఇంతే” అని ఒక బాలుడు పుస్తకం మూశాడనుకోండి. అతనికి తెలుగు రాకపోవడానికి రాత కారణమా, పుస్తకం మూయడం కారణమా?

కలిసి పనిచేసిన నాడీకణాల మధ్య బంధం బలపడుతుందని హెబ్ 1949లో ప్రతిపాదించారు. తర్వాతి పరిశోధనలు దీనిని బలపరచాయి. మీరు అక్షరాలు దిద్దిన కొద్దీ మీ మెదడు మారుతూ ఉంటుంది. ఏ వాదం గెలిచినా, సాధన వ్యర్థం కాదు.

కొత్త పదాలు
సిద్ధహస్తులు = మిక్కిలి నేర్పు గలవారు
సంకల్పం = చేయాలనే నిశ్చయం
నియతి = కారణాలను బట్టి జరిగే క్రమం

ప్రశ్నలు
1. రోగిని మెలకువగా ఎందుకు ఉంచేవారు?
2. పెన్‌ఫీల్డ్, హెబ్ అభిప్రాయాలలో భేదమేమి?
3. నియతికీ తలరాతకూ తేడా ఏమి? మీ సొంత ఉదాహరణతో వ్రాయండి.
4. “నా స్వభావమే అంత” అనే స్నేహితునికి మీరేమి చెప్పుతారు?